పుట్టింటి తాగుడు, మెట్టినింటి తాగుడు: మద్యం అలవాటును రక్తం నిర్ణయిస్తుందా, ఊరు నిర్ణయిస్తుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. మీ పుట్టిల్లు జగిత్యాల దగ్గరి పల్లె, మెట్టినిల్లు తెనాలి వైపు. పుట్టింట్లో పెళ్లయినా చావైనా కల్లో మందో లేకుండా జరగదు; నాన్నగారు, తమ్ముడు రోజూ తాగుతారు; మీ నానమ్మ కూడా సాయంత్రం కల్లు తాగేవారు, దాన్ని ఎవరూ తప్పుగా చూడలేదు. అత్తవారి వైపు తాగే మగవాళ్లు లేకపోలేదు గానీ ఇంట్లో సీసా కనిపించదు, ఆడవాళ్లు తాగడమన్న మాటే మీరు అక్కడ వినలేదు. ఇప్పుడు హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్న మీ అబ్బాయికి మేనమామ పోలిక వస్తుందేమోనన్న భయం మీకు పట్టుకుంది. తాగుడు రక్తంలో ఉంటుందా, పెరిగిన చోటులో ఉంటుందా అని అడిగారు.

నేను మద్య వ్యసన చికిత్సలో కౌన్సెలర్‌గా 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. అందులో మొదటి సగం ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో, రెండో సగం గుంటూరులో గడిచింది కాబట్టి మీరు చూసిన తేడాను నేనూ దగ్గరగా చూశాను. రక్తం సంగతి ముందు చెబుతాను. కవలల మీద, దత్తత వెళ్లిన పిల్లల మీద పలు దేశాల్లో జరిగిన పరిశోధనలు మద్యానికి బానిస అయ్యే ముప్పులో దాదాపు సగం వంశపారంపర్యమని చెబుతున్నాయి. ఈ ‘సగం’ అన్న మాటను చాలామంది తండ్రి తాగుబోతు అయితే కొడుకు తాగుబోతు అయ్యే అవకాశం నూటికి యాభై అన్నట్టుగా తీసుకుంటారు. దాని అర్థం అది కాదు. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య ఈ విషయంలో కనిపించే తేడాలో సుమారు సగానికి జన్యువులు కారణమని మాత్రమే అది చెబుతుంది. పైగా జన్యువుల ప్రభావం బలంగా కనిపించేది తాగడం మొదలయ్యాక అది వ్యసనంగా ముదిరే దశలో. తొలి గ్లాసు చేతికి వస్తుందా రాదా, వస్తే ఏ వయసులో, ఎవరి చేతుల మీదుగా వస్తుంది, వద్దంటే ఆ మాట చెల్లుతుందా అన్నవాటిని చాలావరకు చుట్టూ ఉన్న లోకమే నిర్ణయిస్తుంది. మీ అబ్బాయి విషయంలో మీ చేతిలో ఉన్న భాగం అదే కనుక, ఈ సమాధానంలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తాను.

మీ రెండిళ్ల తేడా మీ ఒక్కరి అనుభవం కాదు. 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవారిలో మద్యం తాగేవారు దేశం మొత్తం మీద 18.8 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 23.3 శాతం, తెలంగాణలో 43.3 శాతం. ఆడవారిలో తేడా ఇంకా ఎక్కువగా ఉంది: దేశంలో 1.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతం, తెలంగాణలో 6.7 శాతం. ఒకే భాష మాట్లాడుతూ, ఒకే పండుగలు చేసుకుంటూ, 58 ఏళ్లపాటు ఒకే రాష్ట్రంగా బతికిన జనంలో మగవారి లెక్క దాదాపు రెట్టింపు, ఆడవారి లెక్క పదమూడు రెట్లు తేడాగా ఉందంటే దానికి రక్తం కారణం కాజాలదు. కృష్ణా నదికి ఇటువైపు ఒక రకం జన్యువులు, అటువైపు మరో రకం జన్యువులు ఉండవు.

అయితే ఈ అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఈ శాతం చెప్పేది తాగుతారా లేదా అన్నదే. తాగేవారందరూ వ్యసనపరులని అది చెప్పదు. బోనాల నాడు ఒక ముంత కల్లు తాగిన ముసలమ్మా, రోజూ రెండు క్వార్టర్లు తాగే మనిషీ ఆ లెక్కలో ఒక్కటే. దానికి తోడు, తాగడం సిగ్గుపడవలసిన పనిగా ఉన్న చోట జనం దాచిపెడతారు, అందులోనూ ఆడవారు మరీ దాచిపెడతారు. కాబట్టి తెలంగాణ ఆడవారి 6.7 శాతంలో కొంత నిజాయితీ ఉంది, ఆంధ్ర 0.5 శాతంలో కొంత దాపరికం ఉంది అని నేను నమ్ముతాను. ఆ రెండింటినీ తీసివేసినా మిగిలే తేడా పెద్దదే.

ఆ తేడాకు మూలాలు వెతుకుతూ పోతే చరిత్రలోకి వెళ్లవలసి వస్తుంది. నిజాం రాజ్యంలో ఆబ్కారీ ఖజానాకు ప్రధాన ఆదాయ మార్గాల్లో ఒకటి. తాటి, ఈత చెట్ల మీద పన్ను, కల్లు దుకాణాల వేలం, వాటి చుట్టూ అల్లుకున్న గీత కార్మికుల జీవనోపాధి, ఇవన్నీ ఊరి ఆర్థిక వ్యవస్థలో భాగంగా తరాల తరబడి ఎడతెగకుండా నడిచాయి. అటు మద్రాసు రాష్ట్రంలో రాజాజీ 1937లో సేలం జిల్లాలో మద్య నిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చారు. 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలన్నిటికీ వర్తించింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కూడా కొనసాగింది. నిషేధం వల్ల ఉపాధి పోయిన గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న వంటి నాయకులు గట్టిగా నిలబడ్డారు. చివరకు 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఈ నిషేధం గొడవ మీదే ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. ఆ తర్వాత కూడా ఆంధ్ర, రాయలసీమ జిల్లాల్లో నిషేధం 1960ల చివరి దాకా చట్టంలో ఉంది. నిషేధం ఉన్నన్నాళ్లూ దొంగసారా కాచారు, తాగారు. అది అందరికీ తెలిసిందే. కానీ ఒక తరం పాటు తాగడం చాటుమాటు వ్యవహారంగా మారింది. ఇంటి ముందు మంచం వేసుకుని, పిల్లల ఎదుట, పెద్దల ఎదుట తాగే పద్ధతి అక్కడ తెగిపోయింది. తెలంగాణలో అది తెగలేదు. మీ అత్తవారింట్లో సీసా కనిపించకపోవడానికి నాకు తోచే కారణాల్లో ఇది ముఖ్యమైనది, అయితే ఇదొక్కటే కారణమని నేను అనను.

మీ నానమ్మగారి సంగతి దీనితో ముడిపడినదే. తెలంగాణ పల్లెలో కల్లుకు మందు కన్నా వేరే స్థానం ఉంది. బోనం ఎత్తినప్పుడు అమ్మవారికి కల్లు సాక పోస్తారు. చావు ఇంట్లో దినాల నాడు, పెళ్లి దావతులో, నాట్లు ముగిసిన రోజున కల్లు ఉంటుంది. కల్లు అమ్మే మండువా దగ్గర ఆడా మగా కలిసి కూర్చుంటారు. అందువల్ల మామూలుగా మనం అనుకునేదానికి తలకిందులుగా ఉండే ఒక లెక్క ఇక్కడ కనిపిస్తుంది. ఆడవారు తాగుతున్నారన్న మాట రాగానే పత్రికలు హైదరాబాదు పబ్బుల ఫొటోలు వేస్తాయి. కానీ అదే సర్వేలో తెలంగాణ పట్టణాల్లో తాగే ఆడవారు 2.6 శాతం, పల్లెల్లో 9 శాతం. మగవారిలోనూ అంతే: పట్టణాల్లో 33.9 శాతం, పల్లెల్లో 49 శాతం. కాబట్టి తెలంగాణలో తాగే స్త్రీని ఊహించుకోవాలంటే పబ్బులో ఉన్న ఇరవై అయిదేళ్ల ఉద్యోగిని కన్నా, పొద్దంతా కలుపు తీసి వచ్చి నడుము నొప్పికి ఒక సీసా కల్లు తాగే యాభై ఏళ్ల కూలీ తల్లిని ఊహించుకోవడమే నిజానికి దగ్గర. ఆమె గురించి ఎవరూ ఆందోళన పడరు, ఎందుకంటే ఆమె ఎవరికీ కొత్తగా కనిపించదు. ఆడవారి శరీరంలో నీటి పాళ్లు తక్కువ కనుక అంతే మద్యానికి వారి రక్తంలో మోతాదు ఎక్కువగా పెరుగుతుందని, కాలేయం త్వరగా దెబ్బతింటుందని ఆమెకు చెప్పేవారూ ఉండరు.

కల్లు మంచిదేనన్న నమ్మకం ఒకటి మీ పుట్టింటి వైపు బలంగా ఉంటుంది. చెట్టు నుంచి దింపిన అసలు కల్లులో ఆల్కహాలు నాలుగైదు శాతానికి అటూ ఇటూగా ఉంటుంది, అంటే బీరుతో సమానం. కానీ చెట్లు తగ్గి, తాగేవారు పెరిగిన చోట కల్లు పేరుతో అమ్మే దానిలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్‌ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుతున్నారన్నది తెలంగాణలో ఎన్నోసార్లు బయటపడింది. 2015లో అధికారులు దాడులు పెంచి ఆ సరఫరాను ఒక్కసారిగా ఆపినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు ఆస్పత్రులకు వందల మంది పరుగెత్తారు. మెడలు వంకర పోయి, పిచ్చి మాటలు మాట్లాడుతూ, ఫిట్స్ వచ్చి చేరినవారిలో మందు ముట్టని ఆడవారు, ముసలివారు ఎందరో ఉన్నారు. వాళ్లు తాము వ్యసనపరులమని ఏనాడూ అనుకోలేదు, ‘మేము కల్లే తాగుతాం’ అన్నారు. మీ నాన్నగారు తాగేది కల్లు దుకాణం సీసా అయితే, అది ఒకపూట అందకపోతే ఆయన ఎలా ఉంటారో గమనించండి. చిరాకు, నిద్ర పట్టకపోవడం, చేతుల వణుకు కనిపిస్తే అది కల్లు మీద ఇష్టం కాదు, అందులోని ఆల్కహాలుకో, కలిపిన మత్తుమందుకో శరీరం అలవాటు పడిందన్న గుర్తు.

సంప్రదాయం ఒక్కటే ఇంత చేయదు. దుకాణం ఎంత దగ్గరలో ఉంది, సరుకు ఎంతకు దొరుకుతుంది అన్నవి సంప్రదాయం కన్నా వేగంగా అలవాటును మారుస్తాయి. 1980లలో ప్రభుత్వమే వారుణివాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో పంపినప్పుడు తాగుడు ఊరి చివరి దుకాణం నుంచి ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ప్యాకెట్టు జేబులో పడుతుంది, చిన్న మొత్తానికి వస్తుంది, అప్పు మీదా దొరుకుతుంది. చేతికి వచ్చిన కూలి ఇంటికి చేరే లోపే దానికి పోయేది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవారు తమ వాచకంలోని సీతమ్మ కథ చదివి, అందులోని ఊరు తమ ఊరేనని గుర్తించి సారా దుకాణాన్ని మూయించారు. వారికి ముందు నిలిచిన రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. ఆ పోరాటమే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రవ్యాప్తంగా సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధానికీ దారితీసింది. 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తివేశారు. ఆ పోరాటాన్ని కొందరు ఓడిపోయిన ఉద్యమంగా మాట్లాడుతారు. నాకు ఆ మాట బాధ కలిగిస్తుంది. ప్యాకెట్టు సారా మళ్లీ రాలేదు. తాగుడు గురించి ఆడవాళ్లకు మాట్లాడే హక్కుందన్న సంగతి ఆనాడే స్థిరపడింది. నా దగ్గరికి భర్తలను తీసుకువచ్చే ఆడవారిలో ఆనాటి ఊరేగింపుల్లో తల్లి చంక ఎక్కి తిరిగినవారు ఇప్పటికీ కనిపిస్తారు.

ఇప్పుడు ఆ ప్యాకెట్టు స్థానంలో బెల్టుషాపు ఉంది. తెలంగాణలో లైసెన్సు ఉన్న మద్యం దుకాణాలు 2,620. గ్రామ పంచాయతీలు 12 వేలకు పైనే. అంటే చాలా ఊళ్లలో లైసెన్సు దుకాణం లేదు, కానీ మందు దొరకని ఊరు చూపించడం కష్టం. కిరాణా కొట్టు వెనక గదిలో, పాన్ డబ్బాలో, ఒక్కోసారి ఎవరింట్లోనో పది ఇరవై రూపాయలు ఎక్కువకు క్వార్టరు ఇస్తారు. దుకాణం అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంటే మనిషి వెళ్లాలా వద్దా అని ఒక్కసారైనా ఆలోచిస్తాడు. బెల్టుషాపు ఆ ఆలోచనకు వ్యవధి ఇవ్వదు, పైగా తెల్లవారుజామునే తలుపు తీస్తుంది. ఉదయమే తాగడం వ్యసనం ముదిరిందనడానికి బలమైన గుర్తు. నేను మాట్లాడిన మనుషుల్లో ఉదయపు గ్లాసు మొదలైంది ఎప్పుడని అడిగితే, తమ వీధిలో బెల్టుషాపు వచ్చాక అని చెప్పినవారు ఎందరో ఉన్నారు.

అలాగని ధర పెంచితే చాలనుకోవడం కూడా పొరపాటని ఆంధ్రప్రదేశ్ అనుభవం చూపించింది. 2020 మే నెలలో అక్కడ మద్యం ధరలను 75 శాతం పెంచారు. కొందరు తగ్గించారు, అది నిజం. కానీ అప్పటికే బానిసలైన, చేతిలో డబ్బు లేని మనుషులు తగ్గించలేరు, మరోవైపు మళ్లుతారు. నాటుసారా పెరిగింది, పక్క రాష్ట్రాల సీసాలు సరిహద్దు దాటాయి, అదే ఏడాది ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పది మందికి పైగా చనిపోయారు. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలు వచ్చి, 99 రూపాయల క్వార్టరు మొదలయ్యాక గాలి మళ్లీ మారింది. ధర పెంచడం కొత్తగా మొదలుపెట్టేవారిని, యువకులను ఆపుతుంది. బానిసైనవారికి ధరతో పాటు చికిత్స కూడా అందుబాటులో ఉంటేనే మేలు జరుగుతుంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి 2019లో వెల్లడించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది.

మీ తమ్ముడు సెంట్రింగ్ పని చేస్తారని రాశారు. వృత్తికీ తాగుడుకూ ఉన్న సంబంధం గురించి బయటివారు తేలికగా మాట్లాడుతారు. స్లాబు వేసే రోజున పనివారికి కూలితో పాటు క్వార్టరు ఇవ్వడం చాలా చోట్ల ఆనవాయితీ. మేస్త్రీ ఇవ్వకపోతే మరుసటిసారి మనుషులు రారు. హమాలీలకు, రాళ్లు కొట్టేవారికి, మురుగు కాలువల్లో దిగేవారికి తాగుడు ఒంటినొప్పికి మందు, వాసనకు అడ్డు, పని ముగిసిందనడానికి గుర్తు. ఆ గుంపులో తాగనివాడు కూలి డబ్బు ఒక్కటే పోగొట్టుకోడు, మరునాటి పనికి పిలుపు కూడా పోగొట్టుకుంటాడు. తమ్ముడిని తిట్టే ముందు ఈ సంగతి తెలుసుకోండి. క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాలు 42.8 శాతం, లెక్క వేస్తే దాదాపు 60 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాలు. పది గ్రాములను ఒక ప్రామాణిక డ్రింకుగా కొలుస్తారు కనుక ‘ఒక్క క్వార్టరే తాగుతాను’ అన్న మనిషి ఆరు డ్రింకులు తాగుతున్నాడు. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో దాదాపు నాలుగు ఉంటాయి. పేదవారు, ఉన్నవారు ఒకే మోతాదు తాగినా పేదవారికే ఎక్కువ హాని జరుగుతుందన్నది పలు దేశాల్లో తేలిన విషయం. మన దగ్గర దానికి కారణాలు కంటికి కనిపిస్తాయి: ఖాళీ కడుపున, నీళ్లు కూడా సరిగా కలపకుండా, పది నిమిషాల్లో ముగించి బండెక్కుతారు, తిండిలో సత్తువ ఉండదు, కామెర్లు వచ్చే దాకా ఆస్పత్రికి వెళ్లరు. ఏసీ గదిలో మూడు గంటలపాటు, పక్కన వేపుళ్లు పెట్టుకుని అంతే మందు తాగిన మనిషికి సమాజం పెట్టే పేరు కూడా వేరు. ఒకరిది సిట్టింగ్, మరొకరిది తాగుబోతుతనం.

కులం, మతం గురించి మీరు మొహమాటపడుతూ అడిగారు. మొహమాటం అక్కర్లేదు, ఇవి సర్వేల్లోనూ కనిపించే సంగతులే. చదువు తక్కువ ఉన్నవారిలో, గిరిజనుల్లో తాగేవారి శాతం ఎక్కువగా ఉంటుంది. ముస్లింలలో తక్కువగా ఉంటుంది. కానీ ఆదిలాబాదు గోండు పల్లెలోని ఇప్పసారాకూ, ఏజెన్సీలోని జీలుగు కల్లుకూ పండుగల్లో, పూజల్లో స్థానం ఉంది, ఎప్పుడు ఎంత తాగాలన్న కట్టుబాటు కూడా ఒకప్పుడు ఉంది. ఆ కట్టుబాటు లేని సీసా మందు అక్కడికి వెళ్లాక జరిగిన హానిని వారి సంస్కృతి ఖాతాలో వేయడం అన్యాయం. ఇక నిషిద్ధమైన ఇళ్లలో తాగేవారు తక్కువ, అది మంచిదే. కానీ ఆ తక్కువ మందిలో వ్యసనం బయటపడేసరికి చాలా ఆలస్యమవుతుంది. నా అనుభవంలో అందరికన్నా ముదిరిన స్థితిలో వచ్చినవారు తాగుడు మహాపాపంగా భావించే ఇళ్ల నుంచి వచ్చినవారే. అయిదారేళ్లు ఇంటివారు గ్యాస్ట్రిక్ అనీ, షుగరు అనీ బంధువులకు చెబుతూ నెట్టుకొస్తారు. మీ మెట్టినింట్లో సీసా కనిపించడం లేదన్న సంగతి ఒక్కదానితో నిశ్చింతగా ఉండవద్దని ఇందుకే చెబుతున్నాను.

ఇంతదాకా చెప్పినదంతా ఒక్క ఉదాహరణలో మీకు కనిపించాలంటే అయ్యప్ప మాలను గమనించండి. పదేళ్లుగా ఒక్క రోజు మానని మనిషి కార్తీకంలో మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టడు. భార్య ఏడ్చినా, డాక్టరు భయపెట్టినా జరగనిది నల్లబట్టలతో ఎలా జరిగింది? నేను ఈ ప్రశ్న వందల మందిని అడిగాను. భక్తి, భయం అన్న జవాబులు మొదట వస్తాయి. కాస్త ఆగి వింటే మిగతాది వస్తుంది. మాల వేసుకున్న రోజు నుంచి అతడిని అందరూ ‘స్వామి’ అని పిలుస్తారు, కన్నతల్లి కూడా. సాయంత్రం ఆరింటికి, చేతులు మందు కోసం వెతికే సమయానికి, చన్నీటి స్నానం, భజన, తోటి స్వాములతో భిక్ష ఉంటాయి. రమ్మని పిలిచే స్నేహితులు తామే తప్పుకుంటారు. వద్దన్నందుకు కారణం చెప్పే అవసరం ఉండదు. పిలుపు, కాలం, తోడు, గౌరవం నాలుగూ ఒకేసారి మారాయి. మంచిర్యాల వైపు నుంచి వచ్చే ఒక లారీ డ్రైవరు నాతో అన్న మాట నేను మరచిపోలేదు: ‘మాల తీసిన పొద్దుగాల దాకా మంచిగనే ఉన్న సార్. సాయంత్రం నన్ను ఎవరూ స్వామీ అనలే. అందరూ దావతు ఎప్పుడన్నరు.’ ఆ తర్వాతి ఏడాది ఆయన మాల తీసే రోజుకు పదిహేను రోజుల ముందే మేము ఇద్దరం కూర్చుని, ఆ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో రాసుకున్నాం. ఆయన చెల్లెలి ఇంటికి వెళ్లి, అక్కడే వారం ఉన్నారు. అంతకన్నా గొప్ప వైద్యమేమీ చేయలేదు, కానీ అది పనిచేసింది.

ఇక్కడే ఒక హెచ్చరిక. రోజూ ఎక్కువగా తాగే మనిషి మాల కోసమైనా, ఒట్టు కోసమైనా ఒక్కసారిగా మానితే ప్రమాదం. చివరి గ్లాసు తర్వాత ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో వణుకు, చెమటలు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి రావచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసిన వారంలోనే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివారు బారులు తీరారు. ఏటా నవంబరు, డిసెంబరు నెలల్లో మాల వేసుకున్న మూడో రోజున ఫిట్స్‌తో వచ్చేవారిని నేను చూస్తూనే ఉన్నాను. డాక్టరు పర్యవేక్షణలో మందులతో, బి1 విటమిన్‌తో మాన్పిస్తే ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. మీ తమ్ముడికి అయ్యప్ప మాల వేయించాలని అమ్మగారు అనుకుంటున్నారని రాశారు కదా. వేయించండి, కానీ ముందు డాక్టరుకు చూపించి వేయించండి.

మీ అబ్బాయి గురించి. రెండు రాష్ట్రాల్లోనూ మద్యం కొనడానికి చట్టబద్ధమైన వయసు 21. హాస్టల్లో తొలి బీరు సాధారణంగా అంతకన్నా ముందే, ఫ్రెషర్స్ పార్టీలోనో పరీక్షలు అయిపోయిన రాత్రో వస్తుంది. ఆ వయసు ముఖ్యం: అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన ఒకదానిలో 15 ఏళ్ల లోపు తాగడం మొదలుపెట్టినవారికి, 20 దాటాక మొదలుపెట్టినవారి కన్నా వ్యసనంలో పడే అవకాశం నాలుగు రెట్లని తేలింది. మీ అబ్బాయి ఆ తొలి ప్రమాదాన్ని దాటినట్టే. మేనమామ పోలిక అని అతని ఎదుట అనవద్దు. ఆ మాట పిల్లలకు విధిరాతలా వినిపిస్తుంది. దానికి బదులు రక్తపోటు, మధుమేహం గురించి చెప్పినట్టే, ‘మన ఇంట్లో ఈ ముప్పు ఉంది, నీ స్నేహితుడికి సరిపడింది నీకు సరిపడకపోవచ్చు’ అని ఒకసారి స్థిమితంగా చెప్పండి. ఇంటి ముప్పు ఉన్న కుర్రవాడిలో గమనించవలసిన గుర్తు ఒకటుంది: నలుగురు తూలుతున్నా తాను తూలకపోవడం. దాన్ని స్నేహితులు గొప్పగా చెప్పుకుంటారు. నిజానికి అలా తట్టుకునేవారే తర్వాత ఎక్కువ తాగి బానిసలవుతారని పరిశోధనలు చెబుతున్నాయి. సెలవులకు మీ పుట్టింటికి వెళ్లినప్పుడు ‘మా మేనల్లుడు పెద్దోడైండు’ అని తమ్ముడు గ్లాసు అందించకుండా చూడడం మీ చేతిలో పని. అక్కగా ఆ మాట అడిగే చనువు మీకు ఉంది.

తమ్ముడి విషయంలో మొదట ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల ఆడిట్ పరీక్ష చేయించండి. జిల్లా ఆస్పత్రిలోని మానసిక వైద్య విభాగంలో పది నిమిషాల్లో చేస్తారు. నలభైకి ఎనిమిది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే హాని కలిగించే తీరులో తాగుతున్నట్టు, ఇరవై గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వ్యసనాన్ని అనుమానించాలి. అప్పటిదాకా మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416 ఉన్నాయి. మీరు మళ్లీ రాసేటప్పుడు మూడు సంగతులు తప్పకుండా చెప్పండి: ఉదయం లేవగానే ఆయన చేతులు వణుకుతున్నాయా, ఇంతకుముందు మానినప్పుడు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, కూలి డబ్బు ఆయన చేతికి రోజూ వస్తుందా వారానికి ఒకసారి వస్తుందా. మొదటి రెండింటిని బట్టి ఇంటి దగ్గరే డాక్టరు సలహాతో మాన్పించవచ్చా, ఆస్పత్రిలో చేర్చాలా అన్నది చెప్పగలను. మూడోదాన్ని బట్టి ఏ రోజు సాయంత్రం ఆయన పక్కన మనిషి ఉండాలో తేలుతుంది.